కోళ్లు తిన్న తరవాత

పందులాయన నోరు తెరవకముందే అందరికీ తెలిసిపోయింది, ఆ పొద్దున ఆయన మేతకి రాలేదని, గొడవకి వచ్చాడని. మామూలుగా అయితే మిల్లు గుమ్మం బయట టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరో ఒకరు పలకరించేదాకా నిలబడే మనిషి. తన ఒంటి వాసన పిండికి అంటుతుందేమోనని లోపల అడుగు పెట్టడు. అలాంటివాడు టోపీతోనే దూసుకొచ్చి, భుజం మీది గోనెసంచిని కాటా మీద దభీమని పడేశాడు.

“ఇందులో ఏం కలిపారో చెప్పండి.”

కాటా పక్కన పీట వేసుకుని ఆ ఇంటి కోడలు సంచి మూతి కుడుతోంది. గుచ్చిన దబ్బనం గుచ్చినట్టే ఆగింది. పిండికి వచ్చిన ఆడవాళ్లు డబ్బాలు చంకన పెట్టుకుని గోడ వారకి జరిగారు. మిల్లు యజమాని, అంటే ఆమె మొగుడు, నిచ్చెన మీద నిలబడి తొట్టిలోకి గోధుమలు వంపుతున్నాడు. మర చప్పుడులో ఆయనకి సగం మాటే వినపడి ఉంటుంది. ఆ సగం చాలు. ఆయన కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

“కలపడమేంటి? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?” అంటూ దిగాడు. దిగేటప్పుడు అలవాటుగా ఎడమ చెయ్యి పక్కటెముకల కింద ఆనించుకున్నాడు.

“పందులు నీళ్లు తాగుతున్నాయండీ.”

“తాగకపోతే కదా గొడవ!”

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. పందులాయన మొహం ఎర్రబడింది గాని తగ్గలేదు.

“అట్లా కాదు. తొట్టి నింపి వెనక్కి తిరిగేలోపల ఖాళీ చేస్తున్నాయి. తాగడం, పోయడం, తాగడం, పోయడం. కొట్టమంతా చిత్తడి. మేత దగ్గరికి రావు. చూలు పంది ఒకటి నిన్న పడిపోయింది, లేపినా లేవడం లేదు. నీళ్లు మార్చలేదు, చోటు మార్చలేదు. మీ దగ్గర తెచ్చిన తవుడొక్కటే కొత్తది.”

అప్పుడే పెరటి గుమ్మంలో అత్తగారు కనిపించింది. పొద్దుటి మాత్రలు మింగి, చేతిలో గ్లాసుతో అలాగే వచ్చేసింది. ఆ ఊళ్లో ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. గొడవ ఎక్కడుంటే ఆవిడ అక్కడుంటుంది.

“మా కోళ్లు తిన్నాయి బాబూ,” అంది మెల్లగా. “కోళ్లు తినకుండా ఈ గుమ్మం దాటి ఒక్క గింజ బయటికి పోదు. అడుగు వీళ్లని.”

అడగక్కర్లేదు, అందరికీ తెలిసిందే. వానాకాలంలో రేకులు కారి సంచులు తడవడం ఏ మిల్లుకైనా తప్పదు. మిగతా మిల్లులవాళ్లు పైపైన ఆరబెట్టి అమ్మేస్తారు. ఇక్కడ అలా కుదరదు. తడిసిన సంచిని విప్పి, ఎండబోసి, బూజు దులిపి, జల్లెడ పట్టి, అందులోంచి ఒక దోసెడు తీసి గంప కింద మూసిన రెండు కోళ్లకి వేస్తారు. రెండు రోజులు చూస్తారు. జుట్టు ఎర్రగా ఉందా, తింటున్నాయా, గుడ్డు పెట్టాయా అని పెద్దమ్మే వంగి చూస్తుంది. బాగుంటే సంచి పాసు. అది కూడా ముందు ఇంటి వంటకి, ఆ తరవాతే అమ్మకానికి. తాము తినంది ఇంకొకరికి పెట్టకూడదన్నది ఆవిడ పట్టుదల. పిండికి వచ్చినవాళ్లు “కోళ్లు తిన్నాయా పెద్దమ్మా?” అని ఆటపట్టిస్తారు గాని, ఆ మాట మీదే రెండు వీధులు దాటి ఈ మిల్లుకే వస్తారు.

“కోళ్లే కాదు, మా ఆవు కూడా అదే తింటోంది,” అన్నాడు మొగుడు. “వెళ్లి చూడు, ఎలా నిగనిగలాడుతోందో. నీ పందులకి రోగమొస్తే నేనేం చెయ్యను? కొట్టం కడుక్కోవడం చేతకాక పదిమంది తినే పిండి మీద పడి ఏడుస్తావేం? పద, పద!”

అని సంచి ఎత్తి వీధిలోకి విసిరాడు. మూతి విడి తవుడు సగం రోడ్డు మీద పోయింది. పందులాయన ఒక్క క్షణం ఆ కుప్ప వంకా ఆయన వంకా చూశాడు. తరవాత బయటికి వెళ్లి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతో తవుడు ఎత్తి సంచిలో వేసుకోసాగాడు. టోపీ జారి పక్కన పడింది. ఒక సైకిలాయన గంట కొట్టి తప్పించుకుని పోయాడు.

“ఇదెందుకయ్యా ఇంకా?” అంది గోడ వారనున్న ఒకావిడ.

“పశువుల డాక్టరమ్మకి చూపించాలి,” అన్నాడు తలెత్తకుండా.

ఎవరూ సాయం పట్టలేదు. కోడలూ లేవలేదు. లేవాలనే అనుకుంది. కానీ మొగుడి ముందు, అత్తగారి ముందు, అందరి ముందు ఆ మనిషి పక్కన కూర్చుని తవుడు ఎత్తడానికి కాళ్లు రాలేదు. దబ్బనం మళ్లీ గుచ్చింది, దారం లాగింది. ఆ సంచి మూతి ఆమె జన్మలో కుట్టనంత వంకరగా వచ్చింది.

*

మర్నాడు మొగుడు గోధుమల లోడుకి, అత్తగారు గుడికి వెళ్లిన సమయం చూసి వచ్చినట్టుగా డాక్టరమ్మ దిగింది. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, నుదుటికి అంటుకున్న జుట్టు. రాత్రంతా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. వెనకాల పందులాయన ఉన్నాడు. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“పంది చచ్చిపోయింది,” అంది డాక్టరమ్మ, కుశలప్రశ్నల జోలికి పోకుండా. “కోసి చూశాను. మూత్రపిండాలు ఉండాల్సిన దానికి రెట్టింపు ఉబ్బి, రంగు వెలిసి ఉన్నాయి. మీ తడిసిన సంచులు ఎక్కడ పెడతారు?”

కోడలు వెనక గదిలోకి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఒక్కో సంచిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గింజలు తీసింది. ఊది, వాసన చూసి, తుమ్మింది. కొన్ని చిన్న సంచుల్లో పోసుకుంది.

“పైన బాగానే ఉన్నాయి. బూజు దులిపేశారుగా.”

“దులిపి, ఎండబెట్టి, కోళ్లకి కూడా వేసి చూశామండీ,” అంది కోడలు. “అన్నీ చక్కగా గుడ్లు పెడుతున్నాయి.”

డాక్టరమ్మ చెయ్యి దులుపుకుంటూ ఆగింది. నవ్వాలో కోప్పడాలో తెలియని మొహం పెట్టింది.

“కోడిని అడిగి మనిషికి వండుతున్నారా?”

“అది మా అత్తగారి పద్ధతండీ. ఆవు కూడా తింది.”

“ఆవు తింటే ఏమవుతుంది? దాని మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. బూజులో పుట్టే ఈ విషం రక్తంలోకి పోకముందే చాలావరకు అక్కడే తుంచేస్తాయి. కోడి సంగతి వేరు. లోపలికి పీల్చుకునేదే తక్కువ, పీల్చుకున్నది కూడా గంటల్లో సగం బయటికి పోతుంది. మీరు వేసేదేమో దోసెడు, చూసేదేమో రెండు రోజులు. దానికేం తెలుస్తుంది? నెలల తరబడి మేపితే కోడి కూడా పడుతుంది. అసలు బూజు పోయినా అది వదిలిన విషం గింజలోనే ఉంటుందమ్మా. ఎండకి పోదు, పెనం మీద కూడా పోదు.”

“మరి పందికి?”

“పందిలో రోజుల తరబడి ఉంటుంది. ఎక్కువ పీల్చుకుంటుంది, తొందరగా వదలదు. అందుకే ముందు అది పడింది. ఒక్కో జంతువుది ఒక్కో లెక్క. చేపలో గంట కూడా నిలవదని చదువుకున్నాం. కోతిలో వారాలు.”

కోడలు పక్కనున్న సంచిని పట్టుకుంది.

“మనిషిలోనో?”

డాక్టరమ్మ జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది.

“మనిషిలో అన్నిటికంటే ఎక్కువ. సగం పోవడానికే నెల పైన పడుతుంది. మిగిలిన దాంట్లో సగం పోవడానికి మళ్లీ నెల. ఈలోపల ఇంకో రొట్టె తింటే మళ్లీ మొదటికి. మన రక్తంలో ఒక ప్రోటీన్ ఉంటుంది, దాన్ని గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. మీరు జల్లెడ పడతారు కదా, గింజకి అంటుకున్న మట్టిబెడ్డ కిందికి పడుతుందా? పడదు. అలాగే మూత్రపిండాల జల్లెడలోంచి కూడా దిగదు. ఎలాగో కొంచెం దిగినా దారిలో మళ్లీ వెనక్కి లాక్కుంటుంది ఒళ్లు. పేగులోకి పోయింది కూడా తిరిగి రక్తంలోకి వస్తుంది. అలా తిరుగుతూ తిరుగుతూ చివరికి ఆ మూత్రపిండాలనే తినేస్తుంది.”

కోడలు ఆ సంచి మీదే కూర్చుండిపోయింది.

“ఏమ్మా? మీరూ ఈ పిండే తింటున్నారా?”

“మేమే ముందు తింటామండీ. మేం తిన్నాకే అమ్ముతాం.” తన గొంతు తనకే చిత్రంగా వినపడింది. “మా ఆయనకి ఒకటే కిడ్నీ. రెండోది మా అత్తగారికి ఇచ్చారు. ఆవిడకి ఉన్నదీ అదే.”

డాక్టరమ్మ రుమాలు జేబులో పెట్టుకోవడం మర్చిపోయింది. అవతల గుమ్మం దగ్గర అంతా వింటున్న పందులాయన తల దించుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నిన్న తన కడుపు మీద కొట్టినవాళ్ల కోసం ఆ మనిషి అలా నిలబడి ఉండడం చూసి కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

“భయపడి లాభం లేదు,” అంది డాక్టరమ్మ చివరికి. “ఈ పూటనుంచి ఆ పిండి ముట్టకండి, అమ్మకండి. మీ కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లి ముగ్గురూ రక్తం ఇవ్వండి. అదే రక్తం కొంచెం నాకు పంపించండి. గింజలు పరీక్షించే ల్యాబులోనే ఇందులో విషం ఎంతుందో కూడా చూస్తారు. నేను మాట్లాడతాను.”

*

మొగుడు విని ముందు మండిపడ్డాడు. పందులవాడు డాక్టర్ని కొనేశాడన్నాడు. చదువుకున్నవాళ్లకి పనీపాటా లేదన్నాడు. పంది ఎక్కడ, మనిషెక్కడ అన్నాడు. అరిచి అరిచి ఆయన గొంతు దానంతటదే తగ్గింది. ఎడమ చెయ్యి మెల్లగా పక్కటెముకల కిందికి పోయింది.

“అమ్మకి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. నీకు పుణ్యముంటుంది, చెప్పకు. తన చేత్తో తనే మనకి పెట్టానని తెలిస్తే ఆవిడ బతకదు. రిపోర్టు రానీ. ఏమీ లేదని వస్తే ఇక చెప్పే పనే లేదు.”

“మరి అమ్మినవాళ్ల సంగతి?”

“అన్నాను కదా, రిపోర్టు రానీ. ఊళ్లోవాళ్లకి చెబితే ఆవిడ చెవిన పడకుండా ఉంటుందా?”

అక్కణ్ణుంచి మొదలయ్యాయి అబద్ధాలు. మర బెల్టు తెగిందని మిల్లు మూశారు. అత్తగారు వచ్చి బెల్టు చూపించమంటుందని, ఉన్న బెల్టుని ఊడదీసి తడిసిన సంచుల వెనకాల దాచారు. కోడలు నాలుగు వీధులవతల దుకాణం నుంచి పిండి కొనుక్కొచ్చి ఇంటి డబ్బాలో పోసింది. మిల్లు ఉన్న ఇల్లాలు దుకాణంలో పిండి కొనడమేంటని ఆ దుకాణదారు వింతగా చూశాడు. తెచ్చిన పిండిలో అత్తగారు రెండు వేళ్లు పెట్టి నలిపి చూసింది.

“ఇది మన రాయి పిండి కాదే.”

“బెల్టు తెగింది కదత్తయ్యా, బయట పట్టించాను.”

“బయటా?” పెద్దావిడ మూతి ముడిచింది. “ఎవరి కోళ్లు తిన్నాయని?”

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “రేపు బెల్టొస్తుందిలెండి,” అని పొయ్యి వైపు తిరిగింది.

రక్తం ఇవ్వడానికి వెళ్లినప్పుడు పెద్దావిడకి అనుమానమే రాలేదు. ఆవిడకి అది అలవాటైన పనే. సూది గుచ్చే పిల్లతో, “మీకు నా నరాలు బాగా తెలుసు, నా మొహమే గుర్తుండదు,” అని వేళాకోళమాడింది. ఈసారి కొడుకూ కోడలూ కూడా చేతులు చాపడం చూసి మాత్రం, “మీకేమొచ్చింది?” అంది. “ఏడాదికోసారి చూపించుకోమన్నారమ్మా,” అన్నాడు కొడుకు పక్క గోడకేసి చూస్తూ. “మంచిదే. నీది జాగ్రత్తగా చూడమని చెప్పు,” అంది ఆవిడ, ఆ పిల్ల దగ్గరున్న సీసాలో తన రక్తం నిండడం చూడనైనా చూడకుండా.

రిపోర్టుకి రోజులు పడుతుందన్నారు. ఆ రోజులు ఎలా గడిచాయో ఆ మొగుడూ పెళ్లాలకే తెలుసు. మర ఆగిన ఇంట్లో ప్రతి చప్పుడూ పెద్దదై వినపడింది. పెరట్లో మరుగుదొడ్డి గడియ పడిందంటే ఇద్దరూ తలెత్తేవాళ్లు. అత్తగారు ఇందాకే కదా వెళ్లింది, మళ్లీ వెళ్లిందా? గ్లాసుడు నీళ్లు తాగిందా, రెండోది కూడా ముంచుకుందా? ఆ పందుల తొట్టి కళ్లముందు ఆడేది. ఆవిడ మంచం మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంటే, ఏదో తీసే మిషతో కోడలు కిందికి వంగి చీలమండలు చూసేది. కొంచెం ఉబ్బినట్టే ఉన్నాయి. అవి ఎప్పుడూ అంతేనేమో. ఇన్నాళ్లూ సరిగ్గా చూసిందెవరు?

“కాళ్లు చూశావా?” అని మొగుడు చాటుగా అడిగేవాడు.

“చూశాను. మామూలుగానే ఉన్నాయి.”

“వేలితో నొక్కి చూశావా?”

“నొక్కితే అడగరా ఎందుకని?”

“కాళ్లు పడతానను.”

కాళ్లు పట్టింది. నొక్కినచోట గుంట పడిందా లేదా అన్నది ఆమెకే అర్థం కాలేదు. “ఇదేంటే కొత్తగా, ఏం కావాలి నీకు?” అని అత్తగారు నవ్వింది. మొగుడి గురించి ఆమె ఎవరినీ అడగలేకపోయేది. ఆయన మొహం కడుక్కుంటుంటే కళ్ల కింద వాపు ఉందేమోనని అద్దంలోంచి చూసేది. తన సంగతి ఆమెకి గుర్తుకే రాలేదు.

ఈలోగా మిల్లు తలుపు తడుతూనే ఉన్నారు. వారం కిందట పిండి పట్టుకెళ్లిన టీచరమ్మ ఇంకొంచెం కావాలని వచ్చింది. “డబ్బా అడుక్కొచ్చింది, పిల్లలకి మీ పిండి రొట్టే కావాలట” అంది. కోడలి నోటిదాకా వచ్చింది చెప్పెయ్యాలని. వెనకాల గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. “బెల్టు తెగిందమ్మా,” అంది. టీచరమ్మ మెట్లు దిగుతుంటే ఆ పిల్లలిద్దరి మొహాలూ కోడలి కళ్లలో మెదిలాయి.

“ఇంకా ఎన్నాళ్లండీ?” అని ఆ పూట మొగుణ్ణి నిలదీసింది. “మీ అమ్మ బాధపడుతుందని ఊళ్లోవాళ్లు తినాలా?”

“నాకు మాత్రం తెలీదా?” అని ఆయన కసురుకున్నాడు. తరవాత బెల్టు లేని చక్రం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. “ఒక్క ఫోను రానీ. ఒక్క ఫోను.”

*

రెండు ఫోన్లూ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. మొగుడు బజారుకి వెళ్లాడు. ముందు కిడ్నీ డాక్టరు మాట్లాడాడు. మీ ఆయన కిడ్నీ ఎప్పటిలాగే ఉంది, మీకూ ఏమీ లేదు, ఆవిడ రక్తంలో మాత్రం క్రియాటినిన్ పెరిగింది అన్నాడు. పెట్టిన కిడ్నీ అలిసిపోతున్నట్టుంది, మందుల వల్ల కూడా కావచ్చు, ఇప్పుడే ఏమీ చెప్పలేను, వెంటనే తీసుకురండి అన్నాడు. కోడలు ఫోను పెట్టేసి ఊపిరి పీల్చుకుందో లేదో డాక్టరమ్మది.

“గింజల్లో ఉంది. అనుకున్నదే. మీ ముగ్గురి రక్తంలోనూ ఉంది. నీదీ మీ ఆయనదీ కొంచెమే, ఆపేశారు కాబట్టి పోతుంది. మీ అత్తగారిది చాలా ఎక్కువ. ఎన్నో రెట్లు.” అటుపక్క కాగితం తిప్పిన చప్పుడైంది. “మీ ముగ్గురిదీ ఒకే పొయ్యేనా?”

“ఒకే పొయ్యేనండీ. ఆవిడ మాలో సగం కూడా తినరు.”

“మరి ఇదెలా కుదురుతుంది? కనుక్కోమ్మా.”

అత్తగారు పెరట్లో చేట పట్టుకుని గోధుమల్లో రాళ్లు ఏరుతోంది. మిల్లు మూసినా ఆవిడ చేతులకి సెలవు లేదు. కోడలు ఎదురుగా చతికిలబడింది.

“అత్తయ్యా, మాకు తెలియకుండా మీరేమైనా తింటున్నారా?”

“ఉప్పా?” ఆవిడ ఉలిక్కిపడింది. “ఒట్టు, ముట్టలేదు. ఆ డాక్టరు అలాగే అంటాడు. ఎప్పుడు పెరిగినా ఉప్పు మీదకే తోస్తాడు. పెరిగిందా?”

“ఉప్పు కాదు. పిండి.”

చేట ఆగింది. పెద్దావిడ ఇటూ అటూ చూసింది. దొంగతనం బయటపడిన చిన్నపిల్లలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నీకెవరు చెప్పారే? చూశావా ఏంటి? మీరు లేవకముందే కాల్చుకుంటున్నానుగా.”

“ఏం కాల్చుకుంటున్నారు?”

“రొట్టె. ఇంకేముంది?” ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు, గొంతు సర్దుకుంది. “చూడు, కోళ్లు మంచివే. కానీ కోడికి తల తిరిగిందనుకో, చెబుతుందా? కడుపులో నొప్పయితే అంటుందా? దానికి నోరు లేదు. నాకుందిగా. అందుకని ఏ సంచయినా కోళ్లు తిన్న తరవాత నేను తింటాను. నాలుగు రోజులో, వారమో. నాకేమీ కాకపోతే అప్పుడు మీ డబ్బాలో పోస్తాను. మరీ ముక్క వాసన వేసేవి ఉంటాయి చూడు, అవి వాడికి పెట్టబుద్ధి కాదు, పారేయడానికి చేతులు రావు. అవి నేనే ఉంచేసుకుంటాను. ఎప్పణ్ణుంచో ఇంతే. నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను.”

కోడలు వింటూనే ఉంది. డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. వారంలో ఏం తెలుస్తుంది? నెలకి సగమైనా పోనిది, ప్రతి వానకీ, ప్రతి సంచికీ, సగం పోకముందే మళ్లీ వచ్చి చేరుతూ ఉంది. చెప్పక తప్పలేదు. మొగుడు వద్దన్నదంతా చెప్పేసింది. పందీ, కోడీ, ఆవూ, మనిషీ, రక్తంలో వేలాడే విషం, పెరిగిన రిపోర్టు, తెగని బెల్టు. చెబుతూనే ఏడ్చింది.

పెద్దావిడ చేట కింద పెట్టింది. గంప కింద కోడి గొణుక్కుంటోంది.

“వాడికి?” అంది.

“ఆయనకేమీ లేదట.”

“నీకు?”

“నాకూ లేదు.”

అప్పటికే మొగుడు పెరటి గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలియదు. చేతిలో బజారు సంచి ఉంది. మొహం పాలిపోయింది.

“ఎందుకమ్మా?” అన్నాడు. తరవాత గొంతు చించుకున్నాడు. “నా ఒంట్లోంచి కోసి ఇచ్చింది ఇందుకా? బూజు గింజలు తిని పాడు చేసుకోవడానికా? ఎవరు తినమన్నారు నిన్ను?”

“అరవకు. ఇచ్చావు, నాదైపోయింది,” అంది ఆవిడ. “నా దాంతో నేనేం చేసుకుంటే నీకెందుకురా? నీ దగ్గర మిగిలింది ఒక్కటి. దాని దాకా పోకముందు ఎవరో ఒకరు తిని చూడాలా వద్దా?”

ఆయన బజారు సంచి నేల మీద పెట్టి, అక్కడే గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. అత్తగారు చేట అందుకోబోయి ఆగింది. ఈసారి గొంతు మారింది.

“ఆ పందులాయన వచ్చి వారమయింది కదూ? డాక్టరమ్మ వచ్చింది మర్నాడేగా?”

కొడుకు కోడలి వైపు చూశాడు.

“అంటే నాకు తెలియకూడదని, తెలిసి తెలిసి ఊళ్లో అందర్నీ తిననిచ్చారా?” ఆవిడ చేటని పక్కకి తోసేసింది. “నా మాట మీద కొన్నార్రా వాళ్లు! నన్ను చూసి కొన్నారు!”

*

కిడ్నీ డాక్టరు మందులు మార్చాడు. నాలుగు వారాల తరవాత మళ్లీ రక్తం చూస్తానన్నాడు. తగ్గితే అదృష్టం, తగ్గకపోతే ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిద్దాం, ఇప్పుడు మాత్రం పడుకుని ఉండండి అన్నాడు. పెద్దావిడ బుద్ధిగా తలూపింది. ఇంటికి వచ్చీ రాగానే మిల్లు తలుపులు బార్లా తీయమంది. కుర్చీ గుమ్మంలో వేయించుకుంది. కాళ్లు దించితే వాపు ఎక్కువవుతుందని కోడలు పీట తెచ్చి ఎత్తుగా పెట్టింది. ఆవిడ వద్దనలేదు.

కొడుకు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. ముందు వెళ్లింది పందులాయన కొట్టానికే. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పటికి చేతులకి మట్టి, చొక్కా మీద పేడ ఉన్నాయి. ఆ రోజే చచ్చిన ఇంకో పందిని పూడ్చడానికి గొయ్యి తవ్వి వచ్చాడని కోడలు తరవాత పందులాయన నోట విన్నది.

మర్నాడు ఎండ ఎక్కేసరికి డబ్బాలతో, సంచులతో జనం వచ్చారు. సగం తిన్న పిండిని తిరిగి తెమ్మంటే ఎవరికైనా భయమే. మాటలు పెరిగాయి. టీచరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకునే వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

“కోళ్లు తిన్నాయన్నారు కదా పెద్దమ్మా! మీరే కదా చెప్పారు!”

“చెప్పాను తల్లీ. తప్పు చెప్పాను,” అంది ఆవిడ. “కోడికి సాయంత్రానికల్లా సగం పోతుందట. మనకి పోదట. నాకు తెలియలేదు. పిల్లలకి రక్తం చూపించు, మావాడు తీసుకెళతాడు. ఎక్కువ తిన్నది నేనే. ఇదిగో, ఈ కాళ్లు చూడు, అబద్ధం చెప్పడం లేదు.”

చీర అంచు కొంచెం పైకి లాగి చూపించింది. అంతమందిలో ఆవిడ కాలు చూపించడం ఎవరూ ఎరగరు. టీచరమ్మ డబ్బా మూత తీసి, కోడలు పట్టుకున్న గోనెలో పిండి వంపేసింది. వెనకాలవాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. కొందరు తిట్టారు, కొందరు మాట్లాడకుండా పోశారు. కోడలు అన్నిటికీ తలవంచుకుని సంచి మూతి పట్టుకుంది. చేతులు నొప్పెడుతున్నా, వారం రోజులుగా గుండెలో ఉన్న బరువు కొంచెం కదిలింది. కానీ ఒక కన్ను ఆ పీట మీది కాళ్ల మీదే ఉంది. నాలుగు వారాలు! ఆమెకి ఇక ప్రతి పొద్దూ ఆ కాళ్లు చూడడంతోనే మొదలవుతుంది.

అందరూ వెళ్లాక పందులాయన వచ్చాడు. గుమ్మం బయటే ఆగి, టోపీ తీశాడు. మిగిలిన తవుడు సంచి తెచ్చి గోనెల పక్కన పెట్టాడు.

“లోపలికి రా బాబూ,” అంది పెద్దావిడ. “ఆ రోజు నిన్ను గెంటింది మావాడే గాని, వాడి చేత గెంటించింది నేను. నా కోళ్ల మాట నమ్మి నీ మాట నమ్మలేదు.”

ఆయన లోపలికి ఒక్క అడుగు వేశాడు. ఆవిడ కాళ్ల వంక చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. పందుల కాళ్లూ, నడకా చూసి రోగం పట్టే కళ్లు అవి.

“ఎలా ఉందమ్మా ఇప్పుడు? డాక్టరు ఏమన్నాడు?”

“ఏమీ లేదయ్యా!” పెద్దావిడ మొహం వారం రోజుల్లో ఎన్నడూ లేనంత విప్పారింది. కాటా దగ్గర గోనెలు సర్దుతున్న కొడుకు వైపు గడ్డంతో చూపించింది. “మావాడికి ఏమీ లేదు. ఎప్పటిలాగే ఉందట. డాక్టరే చెప్పాడు.”

కొడుకు చేతిలోని గోనె అలాగే ఉండిపోయింది. ఇటు తిరగలేదు. కోడలికి ఆయన వీపు మాత్రమే కనపడుతోంది.

“నేనడిగింది మీ సంగతమ్మా,” అన్నాడు పందులాయన.

“అదేగా చెబుతున్నాను,” అంది ఆవిడ.